ఈటీ తీర్పు మీద అప్పీల్: 42 రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి, ఏయే కాగితాలు పంపాలి?

రెడింగ్_సుధ | జనవరి 21

నమస్కారం అందరికీ. నేను ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాను. ఒక కంపెనీలో టెస్టింగ్ లీడ్‌గా ఆరేళ్ళు పనిచేశాక రిడండెన్సీ (ఆ పోస్టు ఇక అవసరం లేదు) అని చెప్పి తీసేశారు. అంతకు కొన్ని నెలల ముందే నేను మేనేజర్ మీద జాతి వివక్ష గురించి గ్రీవెన్స్ పెట్టి ఉన్నాను, ఆ తర్వాత ఎవర్ని తీసేయాలో తేల్చడానికి సెలక్షన్ మార్కులు వేస్తే టీమ్ మొత్తంలో నాకే తక్కువ వచ్చాయి. అన్‌ఫెయిర్ డిస్మిసల్ (అన్యాయంగా తీసేయడం), వివక్ష, విక్టిమైజేషన్ (ఫిర్యాదు చేశానన్న కక్షతో నష్టం చేయడం) మూడూ కలిపి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ (ఈటీ)లో కేసు వేశాను. సొలిసిటర్ని పెట్టుకునే స్తోమత లేక నేనే వాదించుకున్నాను.

డిసెంబర్‌లో హియరింగ్ అయింది. చివరి రోజు సాయంత్రం జడ్జిగారు నోటితోనే తీర్పు చెప్పి, కారణాలు కూడా చదివేశారు. మూడు క్లెయిములూ కొట్టేశారు. ఆ టెన్షన్‌లో నేను సగం కూడా రాసుకోలేకపోయాను. ఇప్పుడు జనవరి 13, మంగళవారం నాడు ఈమెయిల్‌లో రెండు పేజీల తీర్పు వచ్చింది, అందులో "క్లెయిములు కొట్టివేయబడ్డాయి" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు. అప్పీల్ వేయాలని ఉంది. ఒక ఫ్రెండ్ మూడు నెలల టైమ్ ఉంటుందన్నాడు. ఇంకొకరు ముందు అదే జడ్జికి రీకన్సిడరేషన్ (తీర్పు మళ్ళీ చూడమనే దరఖాస్తు) పెట్టు, అది కొట్టేస్తే అప్పుడు అప్పీల్‌కి వెళ్ళు అన్నారు. ఏది నిజం? ఫీజు ఎంత? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

క్రాయిడన్_మూర్తి | జనవరి 21

సుధగారూ, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఒక్క పని చేయండి. ఇవాళే ట్రిబ్యునల్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి, కేస్ నంబర్ వేసి, రాతపూర్వక కారణాలు కావాలని అడగండి. అవతలి పక్షానికి కాపీ పెట్టండి. తీర్పు పంపిన తేదీ నుంచి 14 రోజుల్లోపు అడగాలి. మీకు 13న పంపారు కాబట్టి 27తో ఆ గడువు అయిపోతుంది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే అప్పీల్ గడువు లెక్క దీని మీదే ఆధారపడి ఉంది. హియరింగ్‌లో నోటిమాటగా గానీ ఆ 14 రోజుల్లో రాతపూర్వకంగా గానీ కారణాలు అడిగినవాళ్ళకు, ఆ కారణాలు పంపిన తేదీ నుంచి 42 రోజులు నడుస్తాయి. అడగకుండా ఊరుకుంటే తీర్పు కాగితం పంపిన తేదీ నుంచే 42 రోజులు, అంటే మీకు ఫిబ్రవరి 24 మంగళవారం సాయంత్రం 4 గంటలతో తలుపు మూసుకుంటుంది. అదీగాక ఆ రెండు పేజీలతో అప్పీల్ రాయడం కష్టం, జడ్జి ఏ చట్టాన్ని ఎలా వర్తింపజేశారో అందులో ఉండదు, తప్పు ఎక్కడుందో మీరు చూపించలేరు.

మూడు నెలలు అన్నది మీరు మొదట్లో ట్రిబ్యునల్‌లో కేసు వేసినప్పటి గడువు. మీ ఫ్రెండ్ దాన్నీ దీన్నీ కలిపేశారు. ఫీజు లేదు. 2013లో పెట్టారు, అప్పట్లో అప్పీల్ వేయడానికే 400 పౌండ్లు, హియరింగ్‌కి 1,200. యూనిసన్ అనే కార్మిక సంఘం కోర్టుకెక్కితే 2017 జూలైలో సుప్రీం కోర్టు ఆ ఫీజులు చట్టవిరుద్ధం అని కొట్టేసింది.

లెస్టర్_అనిల్ | జనవరి 21

నాకు తెలిసినాయన ఒకరు ముందు రీకన్సిడరేషన్ పెట్టుకున్నారండి, అది తేలేదాకా అప్పీల్ టైమ్ ఆగుతుందనే అందరూ అంటారు. ఒకే జడ్జి దగ్గర తేలిపోయేదానికి పైకోర్టు దాకా ఎందుకు అని నా అభిప్రాయం.

క్రాయిడన్_మూర్తి | జనవరి 21

అనిల్‌గారూ, ఆగదండి. నేను సలహా కేంద్రంలో వాలంటీర్‌గా కూర్చునేటప్పుడు జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రీకన్సిడరేషన్ దరఖాస్తుకి కూడా 14 రోజులే గడువు, కారణాలు తర్వాత పంపితే ఆ తేదీ నుంచి 14 రోజులు. అది పెట్టినా 42 రోజుల గడియారం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. జడ్జి రెండు నెలలకు "కుదరదు" అని జవాబిచ్చేసరికి అప్పీల్ గడువు దాటిపోయి ఉంటుంది. రెండూ కావాలంటే రెండూ పక్కపక్కనే నడపాలి.

రీకన్సిడరేషన్ వద్దని చెప్పడం లేదు. లెక్కలో తప్పు పడింది, హియరింగ్ నోటీసు మీకు అందలేదు, అప్పుడు ఎంత వెతికినా దొరకని ముఖ్యమైన సాక్ష్యం ఇప్పుడు దొరికింది, ఇలాంటివాటికి అదే సరైన దారి. కానీ "జడ్జి నా మాట నమ్మలేదు" అని రాస్తే మొదటి చూపులోనే తీసి పక్కన పెడతారు.

మాధవి_హెచ్‌ఆర్ | జనవరి 22

నేను యాజమాన్యం వైపు పనిచేస్తాను, అయినా ఇది ఎవరికైనా తెలియాల్సిన విషయం. జడ్జి సంతకం పెట్టిన తేదీ ఒకటి, పార్టీలకు పంపిన తేదీ వేరొకటి. తీర్పు చివర్లో "పార్టీలకు పంపిన తేదీ" అని విడిగా ఉంటుంది, లెక్క దాని నుంచే. మీ చేతికి ఎప్పుడు అందింది, మీరు ఎప్పుడు ఓపెన్ చేశారు అన్నది లెక్కలోకి రాదు. పంపిన రోజునే ప్రమాణంగా తీసుకోవాలని కోర్ట్ ఆఫ్ అప్పీల్ 2004లోనే తేల్చింది. మీకు ప్రతినిధి ఉంటే వాళ్ళకు పంపినా మీకు పంపినట్టే.

లెక్క తేలిక పద్ధతి ఏంటంటే, పంపిన వారం ఏదైతే ఆరు వారాల తర్వాత అదే వారం. బుధవారం పంపితే ఆరో బుధవారం సాయంత్రం 4 లోపు ఈఏటీకి (ఈ అప్పీళ్ళు వినే ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్) చేరాలి. పంపితే సరిపోదు, చేరాలి. 4 దాటి ఒక్క నిమిషమైనా మర్నాడు వచ్చినట్టు లెక్క. చివరి రోజు ఈఏటీ ఆఫీసు మూసి ఉంటే మాత్రం మళ్ళీ తెరిచిన రోజున ఇవ్వొచ్చు, క్రిస్మస్, ఈస్టర్ రోజుల్లో ఇది పనికొస్తుంది. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవడం ఎందుకు?

ఇంకొకటి. గెలుపోటములు ఒక తీర్పులో, పరిహారం ఇంకో తీర్పులో రావడం మామూలే. మొదటిదాని మీద అప్పీల్ ఉంటే దాని 42 రోజులు దానికే. పరిహారం తేలాక రెండూ కలిపి చూసుకుందాం అనుకుంటే మొదటిది పోతుంది.

రెడింగ్_సుధ | జనవరి 22

నిన్న రాత్రే ఈమెయిల్ పెట్టేశాను, ఆటోమేటిక్ రిప్లై వచ్చింది, దాన్ని దాచుకున్నాను. మూర్తిగారూ, మీకు ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. ఇప్పుడు అప్పీల్‌తో పాటు ఏం పంపాలి? గూగుల్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఈటీ1, ఈటీ3 లేకపోతే తిరగ్గొడతారని ఒకచోట, అక్కర్లేదని ఇంకోచోట.

మాంచెస్టర్_వాణి | జనవరి 22

నేను పారాలీగల్‌ని, ఇదే పని. రెండూ నిజమే, ఒకటి పాతది, ఒకటి కొత్తది. 2023 సెప్టెంబర్ 30కి ముందు రూల్ చాలా కఠినంగా ఉండేది: నోటీస్ ఆఫ్ అప్పీల్, తీర్పు, కారణాలు, మీ క్లెయిమ్ ఫారం ఈటీ1, వాళ్ళ జవాబు ఈటీ3, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా, జతచేసిన పేజీలు కొన్ని మిస్ అయినా, అప్పీల్ అసలు దాఖలు కానట్టే చూసేవాళ్ళు. గడువులోపే పంపి, ఈటీ3లో కొన్ని పేజీలు లేవన్న ఒక్క కారణంతో కేసు పోగొట్టుకున్న మామూలు మనుషులు ఎంతమందో. నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ఆ పేజీలు ఉన్నా లేకపోయినా అప్పీల్‌లో దమ్ముందో లేదో చెప్పడానికి ఈఏటీకి పెద్ద తేడా ఉండేది కాదు.

2023 సవరణతో ఈటీ1, ఈటీ3 తప్పనిసరి జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు కచ్చితంగా ఉండాల్సినవి నింపిన నోటీస్ ఆఫ్ అప్పీల్, తీర్పు కాపీ, రాతపూర్వక కారణాల కాపీ. ఏదైనా లేకపోతే ఎందుకు లేదో రాసిన వివరణ. అదే సవరణలో ఇంకో మేలు కూడా చేశారు. కాగితాల విషయంలో చిన్న పొరపాటు జరిగి దాన్ని సరిదిద్దితే, అవతలివాళ్ళకు జరిగే నష్టం, ఎంత త్వరగా సరిదిద్దారు అన్నవి చూసి న్యాయం అనిపిస్తే గడువు పొడిగించవచ్చు. 2025లో మెల్కీ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ దీన్ని వాడి, ఈటీ3 జోడింపు లేకపోవడాన్ని చిన్న పొరపాటుగానే చూసింది.

అయినా నా సలహా ఈటీ1, ఈటీ3 కూడా జతచేయండి. మీ దగ్గర ఉన్నవేగా, అప్పీల్ చదివే జడ్జికి కేసు దేని గురించో తెలుస్తుంది. ప్రతి పీడీఎఫ్‌నూ తెరిచి చివరి పేజీ దాకా చూసుకోండి.

గచ్చిబౌలి_కిరణ్ | జనవరి 23

నాది ఇంకో పరిస్థితి. ఉద్యోగం పోయాక వీసా స్పాన్సర్‌షిప్ తీసేశారు, 60 రోజుల్లో కొత్త స్పాన్సర్ని చూసుకోవాలి లేదా దేశం వదలాలి అన్న లెటర్ వచ్చింది, కొత్త స్పాన్సర్ దొరక్క పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చేశాం. అప్పీల్ ఇక్కడి నుంచే వేశాను. దేశం వదిలినంత మాత్రాన హక్కు పోదు, ఇది చాలామందికి తెలియక వదిలేసుకుంటున్నారు.

టైమ్ తేడా గుర్తుపెట్టుకోండి. లండన్ సాయంత్రం 4 అంటే చలికాలంలో మనకు రాత్రి 9:30, మార్చి చివర గడియారాలు మార్చాక రాత్రి 8:30. హియరింగ్‌కి వీడియోలో వాదించుకుంటానని ముందే అనుమతి అడిగాను, ఒప్పుకున్నారు. ట్రిబ్యునల్లో విదేశం నుంచి సాక్ష్యం చెప్పాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి, అదో పెద్ద తతంగం, కానీ ఈఏటీలో మామూలుగా సాక్ష్యం ఉండదు, వాదన ఒక్కటే. వాదనకు ఆ ఇబ్బంది లేదు.

హౌన్స్‌లో_ప్రసాద్ | జనవరి 24

సుధమ్మా, నా మాట విను. అప్పీల్‌లో ఏదీ వదలొద్దు. మేనేజర్ చెప్పిన ప్రతి అబద్ధం, జడ్జి పట్టించుకోని ప్రతి ఈమెయిల్, హియరింగ్‌లో వాళ్ళ బారిస్టర్ నిన్ను ఎలా మాట్లాడాడు, అన్నీ రాయి. నలభై పాయింట్లు రాస్తే నాలుగైనా నిలబడతాయి. మా బావమరిది కేసులో తక్కువ రాసి, తర్వాత కలపనివ్వలేదు.

మాంచెస్టర్_వాణి | జనవరి 24

ప్రసాద్‌గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ఈ సలహా సుధగారికి నష్టం చేస్తుంది. ఈఏటీ ఉన్నది చట్టపరమైన తప్పు చూడటానికే, ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్స్ యాక్ట్ 1996 సెక్షన్ 21లో అదే ఉంది. ఎవరు నిజం చెప్పారు, ఎవరు అబద్ధం చెప్పారు అన్నది సాక్షుల్ని చూసిన ట్రిబ్యునల్ తేల్చేసిన విషయం. నలభై పాయింట్లలో ముప్పై ఎనిమిది "జడ్జి నన్ను నమ్మలేదు" అన్నవైతే, మిగిలిన రెండు మంచి పాయింట్లు వాటి కింద నలిగిపోతాయి, చదివే జడ్జికి కనిపించవు.

చట్టపరమైన తప్పు అంటే ఏంటో రాస్తాను. తప్పు చట్టం వాడటం, లేదా సరైన చట్టాన్నే తప్పుగా వర్తింపజేయడం. ఒక నిర్ణయానికి అసలు సాక్ష్యమే లేకపోవడం. తేల్చాల్సిన అంశాన్ని తేల్చకుండా వదిలేయడం. ఎందుకు ఓడారో ఓడినవాడికి అర్థమయ్యేలా కారణాలు ఇవ్వకపోవడం, దీన్ని 1987 నాటి మీక్ కేసు పేరుతో పిలుస్తారు. విచారణ న్యాయంగా జరగకపోవడం, పక్షపాతం.

పర్వర్సిటీ అని ఇంకోటి ఉంది, బుద్ధి ఉన్న ఏ ట్రిబ్యునలూ ఇలా తేల్చదు అని చెప్పడం. చాలామంది దీన్ని పట్టుకుంటారు. 2002లో యెబోవా కేసులో చెప్పింది ఏంటంటే తిరుగులేని స్థాయిలో చూపించాలి, "నేనైతే వేరేలా తేల్చేవాణ్ణి" అనిపిస్తే చాలదు. పక్షపాతం ఆరోపిస్తే ఇంకా జాగ్రత్త, ఏ రోజు, ఏ మాట, ఎవరు విన్నారు అని వివరంగా రాయాలి, దానికి స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు. ఊరికే కోపంతో ఆ మాట రాయకండి.

హౌన్స్‌లో_ప్రసాద్ | జనవరి 24

అలా అంటే సామాన్యుడికి న్యాయం ఎక్కడమ్మా? వాళ్ళ దగ్గర బారిస్టర్లు, మన దగ్గర గూగుల్. మేనేజర్ అబద్ధం చెప్పాడని తెలిసి కూడా అడగకూడదా?

క్రాయిడన్_మూర్తి | జనవరి 25

అన్యాయం అనిపిస్తుంది, నిజమే ప్రసాద్‌గారూ. కానీ అబద్ధాన్ని కూడా చట్టం దారిలో పట్టుకోవచ్చు. మేనేజర్ చెప్పినదానికి పూర్తిగా విరుద్ధంగా ఉన్న ఈమెయిల్ బండిల్‌లో (హియరింగ్ కాగితాల కట్టలో) ఉంది, దాన్ని మీరు హియరింగ్‌లో చూపించారు, జడ్జి కారణాల్లో దాని ఊసే ఎత్తలేదు, అది కేసుకి కీలకం అనుకోండి, అప్పుడు "ముఖ్యమైన సాక్ష్యాన్ని పరిగణనలోకి తీసుకోలేదు" అని రాయొచ్చు. "మేనేజర్ అబద్ధాలకోరు" అని రాస్తే అక్కడితో అయిపోతుంది. ట్రిబ్యునల్లో ఎత్తని పాయింట్‌ని కొత్తగా ఎత్తడానికి కూడా మామూలుగా ఒప్పుకోరు, అది కూడా గుర్తుంచుకోవాలి.

గ్లాస్గో_శ్రీను | జనవరి 25

స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. మన ట్రిబ్యునల్ తీర్పుల మీద అప్పీల్ ఎడిన్‌బరాలోని ఈఏటీ ఆఫీసుకి వెళ్తుంది. 42 రోజులు, సాయంత్రం 4, కాగితాలు అన్నీ అవే. ఆ పైన కోర్ట్ ఆఫ్ సెషన్.

బెల్‌ఫాస్ట్_లత | జనవరి 25

ఉత్తర ఐర్లాండ్‌లో మాత్రం ఇదంతా చూసి మోసపోకండి. ఇక్కడ ఈఏటీ అనేదే లేదు, ఇండస్ట్రియల్ ట్రిబ్యునల్ నుంచి నేరుగా ఇక్కడి కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కే. రూల్స్ వేరు, విడిగా కనుక్కోండి.

లెస్టర్_అనిల్ | జనవరి 26

మూర్తిగారూ, మీరు చెప్పింది మా వాళ్ళకి కూడా పంపాను. ఒక డౌట్. గడువు దాటితే ఇక అంతేనా? పొడిగింపు అడగొచ్చు కదా?

మాంచెస్టర్_వాణి | జనవరి 26

అడగొచ్చు, కానీ ముందు అప్పీల్ దాఖలు చేయాలి, అది లేకుండా "నాకు ఇంకో పది రోజులు ఇవ్వండి" అంటే చూడనే చూడరు. పొడిగింపు ఎలా తేలుస్తారన్నది 1995 అబ్దెల్‌గఫర్ కేసు నుంచి వస్తోంది. ఆలస్యానికి కారణం ఏంటి? అది మంచి సాకేనా? గడువు పెంచడం లాంటి అసాధారణమైన పని చేయడానికి తగిన పరిస్థితులు ఉన్నాయా? లాయర్ లేడు, రూల్ తెలియదు, రీకన్సిడరేషన్ జవాబు కోసం ఆగాను, ఇవి మామూలుగా నిలబడవు. కేసు గట్టిది అన్నంత మాత్రాన కూడా చాలదు.

దయ చూపిన సందర్భాలూ ఉన్నాయి. 2019లో జె వర్సెస్ కె అనే కేసు. మానసిక ఆరోగ్యం బాగోలేని ఒక వ్యక్తి చివరి రోజు నాలుగుకి ఐదు నిమిషాల ముందు ఈమెయిల్ కొట్టాడు. జోడింపులు 10 ఎంబీ దాటాయి, ఈఏటీ సర్వర్ తీసుకోలేదు. ముక్కలు చేసి మళ్ళీ పంపేసరికి నాలుగు దాటింది. కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాకా వెళ్ళాక గడువు ఇచ్చారు. ఒక్క ఫైల్ సైజు కోసం ఆ మనిషి ఎన్నేళ్ళు తిరిగాడో చూడండి.

ఈఏటీ రిజిస్ట్రార్ (అక్కడ దాఖలు విషయాలు చూసే అధికారి) పొడిగింపు కాదంటే, దాని మీద ఈఏటీ జడ్జికి వెళ్ళడానికి ఐదు రోజులే టైమ్.

రెడింగ్_సుధ | మార్చి 5

అందరికీ మళ్ళీ నమస్కారం. నిన్న, మార్చి 4 బుధవారం, రాతపూర్వక కారణాలు పంపారు. చాలా పేజీలు ఉన్నాయి. నా లెక్క ప్రకారం ఏప్రిల్ 15 బుధవారం సాయంత్రం 4. సరేనా?

రాత్రంతా కూర్చుని చదివాను. అన్‌ఫెయిర్ డిస్మిసల్ మీద చాలా వివరంగా రాశారు, నచ్చకపోయినా అర్థమైంది. వివక్ష గురించి రెండు పేరాలు. విక్టిమైజేషన్ గురించి మాత్రం, ప్రిలిమినరీ హియరింగ్‌లో ఖరారు చేసిన ఇష్యూల జాబితాలో ఉన్నా, ఎక్కడా విడిగా రాయలేదు. "వివక్ష జరగలేదు కాబట్టి మిగతా క్లెయిములు కూడా నిలబడవు" అని ఒక్క వాక్యం. నా గ్రీవెన్స్ తర్వాతే మార్కులు తగ్గాయన్న విషయం మీద జవాబు లేదు. నేను ఆశతో చూస్తున్నానా, నిజంగానే పాయింట్ ఉందా?

మాంచెస్టర్_వాణి | మార్చి 5

తేదీ సరైనదే. పాయింట్ ఉంది సుధగారూ, మీరు ఆశతో చూడటం లేదు. వివక్ష వేరు, విక్టిమైజేషన్ వేరు, ఈక్వాలిటీ యాక్ట్ 2010లో వేర్వేరు సెక్షన్లు. మీ జాతి వల్ల మార్కులు తగ్గించకపోయినా, గ్రీవెన్స్ పెట్టారన్న కోపంతో తగ్గించి ఉంటే అది విక్టిమైజేషన్. మొదటిది ఓడిపోతే రెండోది దానంతటదే పోదు. జాబితాలో ఉన్న ఇష్యూని ఆ ప్రశ్న వేసుకుని తేల్చలేదంటే అది చట్టపరమైన తప్పే. అదే మీ మొదటి గ్రౌండ్ (అప్పీల్‌కి ఆధారం).

రెండోది, సెక్షన్ 136 చూడండి, రుజువు భారం. ముందు మీరు కొన్ని వాస్తవాలు నిరూపించాలి, 2021లో సుప్రీం కోర్టు ఎఫోబీ కేసులో అదే చెప్పింది. అవి చాలినంత ఉంటే అప్పుడు కారణం వివక్ష కాదని నిరూపించాల్సింది యజమానే. ఆ రెండు పేరాల్లో జడ్జి ఈ దారిలో నడిచారా లేక మొదటి నుంచీ మీరే అంతా నిరూపించాలని చూశారా? చూసి చెప్పండి.

అన్‌ఫెయిర్ డిస్మిసల్ వదిలేయండి. మార్కులు ఎవరు ఎలా వేశారన్నది వాస్తవాల గొడవ, అది కలిపితే మిగతావి బలహీనపడతాయి.

క్రాయిడన్_మూర్తి | మార్చి 6

వాణిగారి మాటతో ఏకీభవిస్తున్నాను. ప్రతి గ్రౌండ్‌కీ కారణాల్లోని పేరా నంబర్ వేయండి, జడ్జి ఏం రాశారు, చట్టం ఏం అడుగుతుంది, తేడా ఎక్కడ, అంతే. "సాక్ష్యానికి విరుద్ధం", "తర్వాత గ్రౌండ్లు కలిపే హక్కు ఉంచుకుంటున్నాను" లాంటి ముక్కలు రాస్తే ఈఏటీ ఒప్పుకోదు. రాస్తున్నప్పుడు తీర్పు మొత్తం ఒకటిగా చదవండి, ఒక్క వాక్యాన్ని విడదీసి పట్టుకుంటే మిగతా పేరాలు చూపించి అవతలివాళ్ళు పడగొడతారు.

పంపడం ఈఏటీకే, ట్రిబ్యునల్ ఆఫీసుకి కాదు. అక్కడికి పంపితే దాఖలైనట్టు కాదు. లండన్‌లో ఈఏటీ ఫెటర్ లేన్ దగ్గర రోల్స్ బిల్డింగ్‌లో ఉంది, కానీ పోస్ట్ మీద ఆధారపడకండి, ఆన్‌లైన్ ఇ-ఫైలింగ్ గానీ ఈమెయిల్ గానీ వాడండి. చివరి వారం దాకా ఆగొద్దు. ఏప్రిల్ మొదటి వారంలో పంపేస్తే, ఏదైనా పేజీ తగ్గిందని వాళ్ళు చెప్పినా మీకు టైమ్ ఉంటుంది.

రెడింగ్_సుధ | మార్చి 27

కంపెనీ సొలిసిటర్ నుంచి లెటర్ వచ్చింది. అప్పీల్ వేస్తే ఖర్చుల కింద వేల పౌండ్లు నా మీద వేయమని అడుగుతారట. చేతులు వణుకుతున్నాయి. మా ఆయన వదిలేద్దాం అంటున్నారు.

మాధవి_హెచ్‌ఆర్ | మార్చి 27

సుధా, అలాంటి లెటర్లు రొటీన్‌గా పంపుతారు, మా వైపు ఎలా ఆలోచిస్తారో తెలిసి చెబుతున్నాను. ఓడినవాడు గెలిచినవాడి ఖర్చులు కట్టడం అన్నది ఈఏటీలో మామూలు రూల్ కాదు. అప్పీల్ అనవసరమైనది, అనుచితమైనది, వేధించడానికే వేసినది, ఏ ఆధారమూ లేనిది అయితేనో, లేదా నడిపిన తీరు సరిగా లేకపోతేనో ఖర్చులు వేయవచ్చు. తేల్చని ఇష్యూ మీద పేరా నంబర్‌తో వేసిన అప్పీల్ ఆ కోవలోకి రావడం కష్టం. భయపడి గడువు వదిలేసుకోవద్దు, లెటర్‌ని మాత్రం చదివి, అందులో మీ గ్రౌండ్ మీద నిజమైన వాదన ఏమైనా ఉంటే చూసుకోండి.

రెడింగ్_సుధ | ఏప్రిల్ 9

ఇవాళ పంపేశాను. రెండే గ్రౌండ్లు. నోటీసు, తీర్పు, కారణాలు, ఈటీ1, ఈటీ3 పూర్తిగా, మొత్తం సైజు 6 ఎంబీ. మధ్యాహ్నం అందినట్టు జవాబు కూడా వచ్చింది. ఇక ఏం జరుగుతుంది? ఎప్పటికి తేలుతుంది?

మాంచెస్టర్_వాణి | ఏప్రిల్ 9

మంచి పని చేశారు. ఇప్పుడు ఒక జడ్జి కాగితాల మీదే చూస్తారు, దాన్ని సిఫ్ట్ అంటారు. దీనికి నెలలు పట్టొచ్చు, ఆందోళన పడకండి. వాదించదగ్గ పాయింట్ ఉందనిపిస్తే ఫుల్ హియరింగ్‌కో, ముందు ప్రిలిమినరీ హియరింగ్‌కో పంపుతారు. ఫుల్ హియరింగ్‌కి పంపితే కంపెనీ 28 రోజుల్లో జవాబు వేయాలి. కొన్నిసార్లు, కారణాల్లో లోటు ఉందని తోస్తే, ఆ ఇష్యూ మీద మీరేం అనుకున్నారో రాయండి అని ట్రిబ్యునల్‌నే అడుగుతారు. దాన్ని బర్న్స్-బార్క్ పద్ధతి అంటారు. అలా జరిగితే ఓడిపోయానని అనుకోకండి.

పాయింట్ లేదనుకుంటే ఈఏటీ రూల్ 3(7) కింద లెటర్ వస్తుంది. ఆ లెటర్ పంపిన తేదీ నుంచి 28 రోజుల్లో రూల్ 3(10) హియరింగ్ అడగొచ్చు, అక్కడ జడ్జి ముందు నోటితో చెప్పుకునే అవకాశం. బొత్తిగా పస లేదని జడ్జి ధ్రువీకరిస్తే మాత్రం ఆ హియరింగ్ కూడా ఉండదు, అలాంటిది వస్తే వెంటనే ఇక్కడ రాయండి.

3(10) హియరింగ్ వస్తే ఒంటరిగా వెళ్ళాల్సిన పని లేదు. ఎలాస్ అని ఒక స్కీమ్ ఉంది, లాయర్ లేనివాళ్ళకు ఆ రోజు ఒక బారిస్టర్ ఉచితంగా మాట్లాడిపెడతారు. అడ్వకేట్ అనే చారిటీకి కూడా అప్లికేషన్ పెట్టండి, ఇప్పటి నుంచే పెడితే మంచిది.

గచ్చిబౌలి_కిరణ్ | ఏప్రిల్ 10

ఒక మాట ముందే తెలిసి ఉంటే మంచిది సుధగారూ. ఈఏటీలో గెలిచినా చెక్కు రాదు. చాలాసార్లు ఆ ఇష్యూని మళ్ళీ తేల్చమని ట్రిబ్యునల్‌కి తిప్పి పంపుతారు, అదే జడ్జికో వేరే ప్యానెల్‌కో. నా కేసు అలాగే వెనక్కి వెళ్ళింది, రెండోసారి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. మీ విట్‌నెస్ స్టేట్‌మెంట్లు, బండిల్, నోట్స్ ఏవీ పారేయకండి.

మాధవి_హెచ్‌ఆర్ | ఏప్రిల్ 10

ఇల్లు మారినా, ఈమెయిల్ మారినా ఈఏటీకి అదే రోజు రాయండి. వాళ్ళు పాత అడ్రస్‌కి పంపినా 28 రోజుల లెక్క పంపిన తేదీ నుంచే మొదలవుతుంది. స్పామ్ ఫోల్డర్ వారానికి రెండుసార్లు చూసుకోండి.